టీచర్ల మనసు వట్టిపోతే

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "అమ్మా, ముప్పయ్యారేళ్లు టీచరుగా చేశారు కదా, గురువుల గొప్పదనం మీద ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు. సరేనన్నాను. తీరా కాగితం ముందేసుకుని కూర్చుంటే గొప్పదనం మీద ఒక్క వాక్యం కూడా కదల్లేదు. అలసట మీద మాత్రం ఆగకుండా వచ్చింది. కార్యదర్శి గారికి చెప్పకుండానే విషయం మార్చేశాను, మన్నించాలి. పొద్దుట్నించి ఈ మైకులో గురువంటే దేవుడని కనీసం ఐదుగురు చెప్పారు. సంతోషమే. కానీ దేవుడికి నిద్ర చాలిందా, ఒంట్లో బాగుందా అని ఎవరూ అడగరు. హారతిచ్చి తలుపేసుకుని ఇంటికి పోతాం. నాకు ఆ మర్యాద వద్దనిపించింది.

ముందు ఒక మాష్టారి సంగతి చెప్పాలి. 1979 పదో తరగతి బ్యాచి మాది. మా బ్యాచికి, మాకు అటూ ఇటూ రెండు మూడు బ్యాచిలకి 'కునుకు మాష్టారు' అంటే చాలు. అదిగో, నవ్వుతున్నారు! సోషల్ చెప్పేవారు. ఒకడి చేత పుస్తకం చదివిస్తూ కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకునేవారు. ఆ పేరు పెట్టినవాళ్లలో నేను లేను గానీ, ఆ పేరుతో చెప్పుకుని నవ్వినవాళ్లలో ఉన్నాను.

మా అన్నయ్య నాకంటే నాలుగేళ్లు పెద్ద. వాడు ఇదే మాష్టారి గురించి చెప్పే కథలు వేరు. పానిపట్టు యుద్ధం పాఠమొస్తే క్లాసుని రెండు సేనలు చేసి గ్రౌండులో నిలబెట్టేవారట. నదుల పేర్లు చెప్పడానికి ఇసకలో చేత్తో కాలువలు తవ్వించి బిందెతో నీళ్లు పోయించేవారట. వాడు నన్ను ఉడికించడానికి అబద్ధాలు కల్పిస్తున్నాడనుకునేదాన్ని. మా క్లాసులో కూర్చున్న మనిషీ ఆ మనిషీ ఒకరే అంటే ఎలా నమ్మను?

మధ్యలో ఏం జరిగిందో బీఈడీ చదివేటప్పుడు తెలిసింది. మాష్టారి అమ్మాయి నా క్లాస్‌మేటు. ఆవిడ చెప్పింది. ఈ సభలో చెప్పనా అని మొన్న ఫోన్ చేసి అడిగితే, "చెప్పు, మీరు పెట్టిన పేరు నాన్నకి తెలుసు, నవ్వుకునేవారు" అంది. 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన. మన జిల్లా వాళ్లకి ఆ తారీఖు గుర్తుచేయక్కర్లేదు. 10,000 మంది దాకా పోయారని అధికారిక లెక్క. సహాయానికని వెళ్లినవాళ్లలో మన మాష్టారు ఒకరు. మూడు వారాలు అక్కడే ఉన్నారు. ఆ మూడు వారాల్లో అక్కడ ఏ పని ఉండేదో ఈ సభలో పెద్దవాళ్లకి తెలుసు, చిన్నవాళ్లకి నేను చెప్పను. తిరిగొచ్చిన మర్నాడే హాజరుపట్టీ పట్టుకుని మా క్లాసుకి వచ్చారు. అప్పటికి ఇద్దరు సోషల్ మాష్టార్లలో ఒకరు బదిలీ అయ్యారు, ఆ పోస్టు నింపలేదు. రెండు పోస్టుల పీరియడ్లూ ఈయనవే. ఎలా ఉన్నారండీ అని బళ్లో ఎవరూ అడగలేదట. అప్పట్లో అలా అడిగే అలవాటు లేదు. మేం పేరు పెట్టాం, అంతే.

అలాంటివి చూసి వచ్చిన మనిషికి తగిలే గాయానికి డాక్టర్లు వేరే పేరు చెబుతారు. నేను ఇవాళ చెప్పబోయేది అది కాదు. ఆయనకు ఏమైందో ఇంత దూరం నుంచి తేల్చే చదువు నాకు లేదు కూడా. నాకు తేలింది ఒక్కటే. మేం బద్ధకం అని పేరు పెట్టింది బద్ధకం కాదు. ఇది పుస్తకం చదివి తెలుసుకోలేదు, నేనే అలాంటి కుర్చీలోకి వచ్చాక తెలిసింది.

నేను 1989లో ఉద్యోగంలో చేరాను. జీవశాస్త్రం చెప్పేదాన్ని. ఇది 2012 డిసెంబరు మాట. బడి పేరూ ఊరి పేరూ వద్దు. అప్పుడు నేను తొమ్మిదో తరగతికి క్లాస్ టీచర్ని, 62 మంది పిల్లలు. స్టాఫ్ రూములో స్కాలర్‌షిప్పుల పట్టిక నింపుతున్నాను. పిల్ల పేరు, తండ్రి పేరు, కులం, ఆదాయం, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా. సాయంత్రంలోగా ఆఫీసుకి చేరాలి. ఒక పిల్ల వచ్చి బల్ల పక్కన నిలబడింది. మూడో బెంచీ పిల్ల, బొమ్మలు బాగా వేసేది. పువ్వు నిలువుకోత బొమ్మ నేను బోర్డు మీద వేస్తే అది వచ్చి సరిదిద్దేది.

"టీచర్, రేపట్నించి రాను" అంది.

నాకు 'రేపు రాను' అని వినపడింది. తల ఎత్తకుండానే, "సెలవు చీటీ రాసి లీడరుకివ్వు" అన్నాను. అది కదల్లేదు. దాని నీడ నా పట్టిక మీద పడి గడులు సరిగా కనపడటంలేదు. "నీడ పడుతోంది, పక్కకి జరుగు" అన్నాను. జరిగింది. కాసేపటికి చూస్తే లేదు.

పన్నెండు రోజుల తరవాత హాజరుపట్టీలో దాని పేరు పక్కన వరసగా గైర్హాజరు గుర్తులు చూసి పిల్లల్ని అడిగాను. పెళ్లయిపోయింది టీచర్ అన్నారు. దానికి పద్నాలుగేళ్లు. మీకు ఇంకో సంగతి కూడా చెప్పాలి. అంతకుముందు నా సర్వీసులో అలాంటి పెళ్లిళ్లు రెండు ఆపించాను. ఇంటికెళ్లి కూర్చుని, తండ్రి తిడితే తిట్లు తిని, చట్టముందని చెప్పి, మాట వినకపోతే 1098కి ఫోన్ చేస్తానని బెదిరించి ఆపినదాన్ని. ఆ సంగతి పిల్లలకి తెలుసు. ఆ పిల్ల స్టాఫ్ రూములో ఇంతమంది టీచర్లుండగా నా బల్ల దగ్గరికే ఎందుకొచ్చిందో ఇక మీరే ఊహించండి.

అంతకన్నా ఘోరం ఇంకొకటుంది. ఆ మాట విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. 'అయితే పట్టికలో 61 అని దిద్దాలి' అనుకున్నాను. సరిగ్గా అదే అనుకున్నాను. ఆ రాత్రి పడుకున్నాక ఆ ఆలోచన మళ్లీ గుర్తొచ్చి భయం వేసింది. పిల్ల గురించి కాదు, నా గురించి.

దీన్ని ఇంగ్లీషులో బర్నవుట్ అంటారు. ఈ మాటను ఈ అర్థంలో 1974లో ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మానసిక నిపుణుడు వాడారు. న్యూయార్క్‌లో పేదలకి ఉచితంగా వైద్యం చేసే క్లినిక్‌లో పనిచేసేవారు. అక్కడికి అందరికంటే ఉత్సాహంగా వచ్చినవాళ్లే కొన్నాళ్లకి చిటపటలాడటం, మొండిగా తయారవడం ఆయన చూశారు. తరవాత క్రిస్టీనా మాస్లాక్ అనే ఆవిడ 1981లో దాన్ని కొలిచే ప్రశ్నల పట్టీ తయారుచేసింది. ఆవిడ మూడు లక్షణాలు చెబుతుంది. మొదటిది, లోపల ఇవ్వడానికి ఏమీ మిగలకపోవడం. రెండోది, ఎదుటివాళ్లు మనుషులుగా కాక పనులుగా కనబడటం. మూడోది, నేనేం చేసినా ఉపయోగం లేదనిపించడం. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని తన జాబితాలో చేర్చింది. అయితే జబ్బుగా చేర్చలేదు, ఉద్యోగం వల్ల ఏర్పడే స్థితిగా చేర్చింది. ఈ తేడా మనసులో పెట్టుకోండి, దీనితో తరవాత పని ఉంది.

తెలుగులో దీనికేం పేరని వెతికాను. 'కాలిపోవడం' అంటే మనకి అతకదు. మా అమ్మ ఒక మాటనేది, 'వట్టిపోవడం' అని. గేదె వట్టిపోయింది అంటాం కదా, ఆ మాట. ఇక్కడ పాడి ఇళ్లలో పుట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. ఈనడానికి రెండు నెలల ముందే పాలు పిండటం ఎందుకు మానేస్తారో మీకు తెలుసు. అప్పుడూ పిండుతూనే ఉంటే తరవాతి ఈతకి పాలుండవు. వట్టిపోయిన గేదెని బద్ధకపు గేదె అని తిట్టిన రైతుని నేనైతే చూడలేదు.

నాలో లక్షణాలు ఆ డిసెంబరులో మొదలు కాలేదు. వెనక్కి తిరిగి చూసుకుంటే రెండేళ్ల ముందు నుంచీ ఉన్నాయి. ఆదివారం సాయంత్రం నాలుగు కాగానే కడుపులో పట్టేసినట్టుండేది. గ్యాసనుకుని మాత్రలు మింగాను. తెల్లారుజామున మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టేది కాదు. జుట్టు ఊడుతోంది, గొంతు బొంగురు పోతోంది. థైరాయిడ్ పరీక్ష చేయించాను, బాగానే ఉందన్నారు. జూన్‌లో వారం తిరిగేసరికి పేర్లన్నీ వచ్చేసే నాకు, నవంబరొచ్చినా పిల్లల పేర్లు రాక రోల్ నంబర్లతో పిలిచేదాన్ని. "ఏయ్, నలభై మూడూ!" అని. అది సౌకర్యం అనుకున్నాను గానీ లక్షణం అనుకోలేదు. వెటకారం పెరిగింది. తప్పు చెప్పిన పిల్లవాణ్ని కొట్టేదాన్ని కాదు, క్లాసంతా నవ్వేలా ఒక మాటనేదాన్ని. దానికంటే దెబ్బే నయం అని ఇప్పుడనిపిస్తుంది. స్టాఫ్ రూములో మాటలు కలపబుద్ధయ్యేది కాదు. ఇంటికెళ్తే నా కొడుకు ఏదో అడిగేవాడు, వాడి ప్రశ్న పూర్తవకముందే కసిరేదాన్ని. పొద్దుట్నించి 62 మందికి పంచిన ఓర్పులో వాడి వాటాకి ఏమీ మిగిలేది కాదు. మా వారు ఒకసారి, "నువ్వు ఇంట్లో కూడా హాజరు తీసుకున్నట్టే మాట్లాడుతున్నావు" అన్నారు. ఆయన తమాషాకి అన్నారు, నేను మూడు రోజులు మాట్లాడలేదు.

ఇక్కడొక మాటకి జవాబు చెప్పాలి. సభలో వ్యాపారం చేసేవాళ్లు, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లు ఉన్నారు. "టీచర్లకేమండీ, దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు, వేసవి సెలవులు, మంచి జీతం" అని మనసులో అనుకుంటూ ఉంటారు. తప్పులేదు, మా తమ్ముడు పైకే అంటాడు. జీతం మాట నిజమే, గవర్నమెంటు టీచరుగా నాకు బాగానే ఇచ్చారు. నిజంగా పని ఎగ్గొట్టే టీచర్లు లేరా అంటే, ఉన్నారు. నేను చూశాను. కానీ వాళ్లకి ఆదివారం సాయంత్రం కడుపులో పట్టెయ్యదు. ఈ బాధ పని మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లకే వస్తుంది. పైకి మాత్రం ఇద్దరూ ఒకేలా కనబడతారు. కుర్చీలో వాలి కళ్లు మూసుకున్న మనిషి ఏ రకమో మూడో బెంచీలోంచి తెలియదు.

కారణాల్లో మొదటిది చెప్పడానికి కాస్త సిగ్గుగా ఉంటుంది, ఎందుకంటే అది మరీ చిన్నదిగా కనబడుతుంది. టీచరు రోజంతా ముఖాన్ని అదుపులో పెట్టుకోవాలి. విసుగొచ్చినా ఓర్పు చూపించాలి, నవ్వొచ్చినా కోపం చూపించాలి, ఇంట్లో శవం లేచినా పదో రోజుకి వచ్చి 'శ్వాసక్రియ' చెప్పాలి. 1983లో హాక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త విమానాల్లో పనిచేసే అమ్మాయిల మీద ఒక పుస్తకం రాసింది. జీతం తీసుకుని నవ్వడం కూడా శ్రమే, దాన్ని లెక్కలోకి తీసుకోవాలి అంటుంది. ఆ అమ్మాయిలకి విమానం దిగాక ప్రయాణికుడి బాధ్యత ఉండదు. మనకి పిల్లవాడు బస్టాండులో కనబడినా బాధ్యతే.

రెండోది కాగితం. ఇప్పుడు ఫోను అనాలి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. దాని 27వ సెక్షను ప్రకారం పదేళ్లకోసారి వచ్చే జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుకి సంబంధం లేని వేరే పనులకి టీచర్లని పంపకూడదు. బయటి పనులకి పంపకుండా చట్టం చేశారు బాగానే ఉంది, లోపలి పనులు ఎవరూ లెక్కపెట్టలేదు. పిల్లల హాజరుకి ఒక యాప్, భోజనానికి ఒక యాప్, మరుగుదొడ్ల ఫొటోలకి ఒక యాప్ ఉండేవి. 2022 ఆగస్టులో మన రాష్ట్రంలో టీచరు ముఖం ఫొటోతో హాజరు వచ్చింది. సిగ్నల్ అందక మేడ మెట్ల మీద నిలబడి ఫోను ఎత్తి పట్టుకున్న మమ్మల్ని చూసి పిల్లలు నవ్వేవాళ్లు. మరుగుదొడ్లు శుభ్రంగా ఉండొద్దా అంటే, తప్పకుండా ఉండాలి, ఆడపిల్లల బడిలో పనిచేసిన నాకు ఆ విలువ తెలుసు. నా బాధ పని గురించి కాదు. పాఠం బాగా చెప్పిన రోజుకి ఎక్కడా రుజువు ఉండదు, ఫొటో పెట్టని రోజుకి సంజాయిషీ ఉంటుంది. కొన్నేళ్లు ఇలా సాగితే, మనిషి తెలియకుండానే రుజువున్న పనికి ఒంగిపోతాడు. నేను పట్టిక మీద ఒంగి పిల్ల వైపు చూడకపోవడం అదే.

ఇంక పదో తరగతి ఫలితాలు. దీని గురించి గంట మాట్లాడగలను, మాట్లాడను. ఇప్పుడు మన బడిలో పనిచేస్తున్న పదో తరగతి టీచర్లని ఒకసారి చేతులెత్తమంటాను. చూశారా, ఎంత నీరసంగా ఎత్తారో! వెనకబడిన పిల్లల్ని టీచర్లకి 'దత్తత' ఇస్తారు. తెల్లారుజామున ఐదింటికి వాళ్ల ఇంటికి ఫోన్ చేసి లేపాలి. పొద్దున స్టడీ అవరు, సాయంత్రం స్టడీ అవరు, ఆదివారం స్లిప్ టెస్టు. పిల్లవాడు నాలుగో తరగతి నుంచి కూడికలు రాకుండా పైకొచ్చాడు, వాడి తండ్రి మిరపకాయ కోతలకి వలస వెళ్తే మూడు నెలలు వాడూ వెళ్లాడు. ఆ ఆరేళ్ల లోటు మార్చిలోగా మనం పూడ్చాలి. పూడ్చగా 98 శాతం వచ్చిందనుకోండి, సమీక్షలో ఆ రెండు శాతం గురించే అడుగుతారు. నా సహోపాధ్యాయుడొకాయన, లెక్కల మాష్టారు, ఫలితాలొచ్చిన రోజు అందరూ స్వీట్లు తింటుంటే వరండాలో ఒంటరిగా నిలబడ్డారు. తప్పిన ఒక్క పిల్లవాడూ ఆయన దత్తతే. "వీడు మొట్టమొదటిసారి ముప్పై మార్కులు దాటాడు మేడం, ఇది ఎవరికీ చెప్పుకోలేను" అన్నారు. మాస్లాక్ గారూ, లీటర్ అనే ఆయనా 1997లో రాసిన పుస్తకంలో పని భారం ఒక్కటే మనిషిని ఇలా చెయ్యదంటారు. చేసే పని మీద మన మాట చెల్లకపోవడం, తగిన గుర్తింపు లేకపోవడం, తోడు లేకపోవడం, న్యాయం జరగడంలేదనిపించడం కూడా కలుస్తాయి. వరండాలో ఆ మాష్టారిని చూసినవాళ్లకి పుస్తకం అక్కర్లేదు.

ప్రైవేటు స్కూళ్లలో పనిచేసేవాళ్ల గతి ఇంకోరకం. మన బడిలో చదువుకుని ఆ స్కూళ్లలో చెబుతున్నవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. వేసవిలో ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు పట్టుకురావాలి, ఎన్ని తెచ్చారన్నదాన్ని బట్టి జూన్‌లో ఉద్యోగం. ఫీజు కట్టనివాడిని క్లాసులో నిలబెట్టే పనీ టీచరుదే, ఆ మర్నాడు వాడితో ప్రేమగా మాట్లాడే పనీ టీచరుదే. కరోనాలో వీళ్ల జీతాలు ఆగిపోయాయి. కూరగాయలు అమ్మినవాళ్లున్నారు, ఉపాధి పనికి వెళ్లినవాళ్లున్నారు. తెలంగాణలో 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం వాళ్లకి నెలకి 2,000 రూపాయలూ 25 కిలోల బియ్యమూ ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది. ఎంఎస్సీ, బీఈడీ చదివి బియ్యం కోసం వరసలో నిలబడిన మనిషి, బళ్లు తెరిచాక ఎప్పటిలాగే "గుడ్ మార్నింగ్ చిల్డ్రన్" అనాలి. అన్నారు కూడా. మనం చప్పట్లు కొట్టలేదు.

ఆడవాళ్లకి బడి ముందూ బడి తరవాతా ఉండే పని గురించి చెప్పను. అది తెలియనివాళ్లు ఇంటికెళ్లి అడగండి.

నా సంగతికి వస్తాను. నేనెలా బయటపడ్డానంటే, గొప్ప ఉపాయమేదీ లేదు. మా హిందీ టీచర్ ఒకరోజు నా బల్ల దగ్గరికి కుర్చీ జరుపుకుని, "అక్కా, నువ్వు పిల్లల్ని పేర్లతో పిలవడం మానేశావు, గమనించావా?" అంది. నన్ను తప్పుపట్టినట్టు అనలేదు, పమిట చిరిగిందని చెప్పినట్టు చెప్పింది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు, మూడు నెలలు ఆలస్యంగా. ఆ పిల్ల సంగతి మొదటిసారి చెప్పింది ఆవిడకే. ఆవిడే హెడ్మాస్టరు గారి చెవిన వేసింది. ఆయన నన్ను పిలిపించలేదు, సలహా చెప్పలేదు. మర్నాడు స్టాఫ్ రూముకొచ్చి, నా బల్ల మీద ఉన్న స్కాలర్‌షిప్పుల కట్ట తీసుకుని, "ఈ ఏడాది ఇది నేను చూసుకుంటాలెండమ్మా" అని వెళ్లిపోయారు. అంతే. ఆ కట్ట బరువు రెండు కిలోలు కూడా ఉండదు. తరవాత డాక్టరు దగ్గరికి కూడా వెళ్లాను, నిద్రకి మందు వాడాను, ఆ మాట చెప్పుకోవడానికి నాకు నామోషీ లేదు. మళ్లీ పేర్లన్నీ రావడానికి ఏడాది పట్టింది.

ఇందాక ఒక తేడా గుర్తుపెట్టుకోమన్నాను. ఇది జబ్బు కాదు, పని వల్ల వచ్చే స్థితి అని. జబ్బయితే రోగికి మందిస్తే సరిపోతుంది. పని వల్ల వచ్చినదానికి పనిలో ఏదో ఒకటి మారాలి. టీచర్లకి యోగా క్లాసులు, వ్యక్తిత్వ వికాస శిక్షణలు పెడుతుంటారు. నేనూ వెళ్లాను. బాగానే ఉంటాయి, భోజనం కూడా పెడతారు. తిరిగొచ్చేసరికి ఆ రెండు రోజుల పట్టికలు కూడా బల్ల మీద ఉంటాయి.

ఆ పిల్ల అయిదేళ్ల తరవాత బస్టాండులో కనబడింది. నేను పోల్చుకోలేదు, అదే పోల్చుకుంది. చంకలో పిల్లవాడు. "వీడు కూడా బొమ్మలేస్తాడు టీచర్, గోడలన్నీ పాడుచేశాడు" అంది. నేను ఆ రోజు సంగతి ఎత్తాను. నీ మాట వినలేదే అమ్మా అన్నాను. అది వెంటనే, "మీరు పనిలో ఉన్నారు కదా టీచర్" అంది. నన్ను ఓదార్చడానికి అంది. దానికి నా మీద కోపం లేదు. ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

ఇప్పుడు సంఘం వాళ్లకి రెండు మనవులు, సన్మానాలకి ముందే చెప్పేస్తాను. మన సంఘం ఇప్పటివరకు బడికి బెంచీలిచ్చింది, నీళ్ల ట్యాంకిచ్చింది, మొదటి మార్కులొచ్చిన పిల్లలకి బహుమతులిస్తోంది. ఈసారి ఒక మనిషినివ్వండి. వారానికి మూడు రోజులు బడికి వచ్చి, హెడ్మాస్టరు గారి అనుమతితో ఈ పట్టికల పని, ఫొటోల పని, టీచర్లు చేసి తీరాల్సినవి తప్ప మిగతావన్నీ చూసుకునే ఒక కుర్రవాడో అమ్మాయో. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు. వాళ్లకీ ఒక దారి.

రెండోది ఖర్చులేనిది. మీరు బడికి వచ్చినప్పుడు టీచర్లని "ఈ ఏడు ఎంత పర్సెంటేజీ?" అని పలకరించడం మానండి. వేరే ఏదైనా అడగండి. ఎండల గురించైనా సరే. ఇప్పుడు పనిచేస్తున్న టీచర్లతో నాదొక మాట. పక్క బల్ల మీద మనిషి పేర్లు మర్చిపోతుంటే, వెటకారం పెరుగుతుంటే, మాటలు తగ్గిపోతుంటే ఆవిడ పొగరు అనుకోకుండా కుర్చీ జరుపుకుని వెళ్లండి. మీకే అలా ఉండి, చెప్పుకోవడానికి ఎవరూ లేరనిపిస్తే 14416 అని టెలి మానస్ నంబరుంది. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, ఏ వేళ చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. నంబరు రాసుకోండి, ఎవరూ చూడరు.

ఆ కుర్రవాడి జీతంలో మొదటి మూడు నెలలది నేనిస్తానని పొద్దున్నే కోశాధికారి గారికి చెప్పి చెక్కు కూడా ఇచ్చేశాను. ఏడాదికి ఇంకా తొమ్మిది నెలలున్నాయి. భోజనాలకి ఎలాగూ అరగంట ఆలస్యమైంది, ఇంకో రెండు నిమిషాలు ఓపిక పట్టి, జనవరి ఎవరు తీసుకుంటారో, ఫిబ్రవరి ఎవరు తీసుకుంటారో చేతులెత్తండి. మా 1979 బ్యాచి వాళ్లు ముందు ఎత్తాలి. పేరు పెట్టింది మనమే కదా.